ముసల్ది, మా బావ, మూడు డిస్టిలరీలు

పాత కార్ల ర్యాలీకి వెళ్ళొచ్చానని తెలియగానే స్టాఫ్ రూమ్‌లో అందరూ ఫోటోలు చూపించమన్నారు. చూపించాను. ఏ ఫోటోలో చూసినా బండి బానెట్ తెరిచే ఉంది. దాని మీదకు వంగిన మా బావ వీపు తప్ప ఇంకేమీ లేదు. "కొండలేవండీ మాస్టారూ?" అని ఒక టీచరమ్మ అడిగింది. వీపు వెనక ఉన్నాయి చూడండమ్మా అన్నాను. మూడు రోజులు ఒమన్ కొండల్లో తిరిగొచ్చిన మాట నిజమే గానీ, నేను కొండల వైపు చూసినదానికంటే మా బావ చేతిలోని గ్లాసు వైపు చూసిందే ఎక్కువ. వెళ్ళనివాళ్ళకు అక్కడి సంగతులు చెబుదామని కూర్చున్నాను గనక అది కూడా దాచకుండా చెబుతాను.

ఘుబ్రా: కాగితం మీద ఒక మాట

మస్కట్‌లో ఘుబ్రాలో ఉంటాను. స్కూల్లో లెక్కలు చెబుతాను. శుక్రవారం పొద్దున చుట్టుపక్కల తెలుగు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు కూడా నేర్పుతాను. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో నా పరువు తీసింది అదే.

మా బావ, అంటే మా అక్క భర్త గంగారాం, ఘలాలో ఒక గ్యారేజీలో హెడ్ మెకానిక్. జగిత్యాల పక్క నుంచి ఇరవై మూడేళ్ళ కింద సైట్ మీద కూలీగా వచ్చి, ఇంజన్ శబ్దం వినే దాని రోగం చెప్పేంత వాడయ్యాడు. గ్యారేజీ యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. ఆయన దగ్గర నాకంటే వయసులో పెద్దదైన జీపు ఒకటి ఉంది. బావ దాన్ని ముసల్ది అని పిలుస్తాడు, సొంత అవ్వను చూసుకున్నట్టు చూసుకుంటాడు. పాత బండ్ల ర్యాలీకి అర్బాబ్ పేరు ఇచ్చాడు, తీరా సమయానికి నడుం పట్టేసింది. నువ్వు తీసుకుపో గంగారాం అన్నాడు. పక్కన కూర్చుని దారి చెప్పడానికి ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడు కావాలి. ఆ ఒకడు నేను.

"మూడు రోజులే గద బామ్మర్ది. గురువారం సెలవు కలిసొచ్చింది. గుట్టలల్ల మంచిగ తిరిగొద్దాం పా," అన్నాడు బావ.

సరే అన్నాక ర్యాలీవాళ్ళ కాగితం చదివాను. అందమైన కొండ దారులు, పాత కోటలు, చివరి రోజు మూడు డిస్టిలరీల సందర్శన. ఆ ఆఖరి మాటను మూడుసార్లు చదివాను.

ఎందుకో చెప్పాలి. రెండేళ్ళ కింద మా పెద్ద మేనకోడలి పెళ్ళి. అప్పట్లో బావ బాగా తాగేవాడు. పెళ్ళినాడు ముట్టనని అక్కకు ఒట్టు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకున్నాడా? మందు ఎక్కడ దాచాలా అని ఇల్లంతా వెతికి, పందిరి గుమ్మం దగ్గర వచ్చినవాళ్ళ మీద చల్లడానికి పెట్టిన వెండి బుడ్డి ఖాళీ చేసి అందులో పోసుకున్నాడు. ఏమీ తెలియని అక్క ఆ బుడ్డి అందుకుని వియ్యపురాలికి ఎదురెళ్ళి, ఆవిడ పట్టుచీర మీద నిండుగా చల్లింది. పందిరంతా గుప్పుమంది. మా అక్క పరువు ఆ రోజు గంగలో కలిసింది. బావ ఆ రోజే మానేశానన్నాడు. అక్క నమ్మలేదు. బావతో నేరుగా మాట్లాడడం కూడా మానేసి, ఏదున్నా నాతోనే చెప్పిస్తోంది. ఆయన మస్కట్ తిరిగొస్తుంటే నన్ను కాపలా పెట్టింది.

కాపలా అంటే ఏమిటనుకున్నారు? వాసన చూడడం. రెండేళ్ళుగా నేను బావ గ్లాసు, ఫ్లాస్కు, నీళ్ళ సీసా అన్నీ ఏదో వంకతో ముక్కు దగ్గర పెట్టుకుంటూనే ఉన్నాను. చల్లగా ఉందా, చక్కెర సరిపోయిందా, ఇలాంటి వంకలు. అక్క రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతుంది: "సూసినవా తమ్మీ?" చూసిన అక్కా, ఏం లేదు అంటాను. చిన్న మేనకోడలి పెళ్ళి ఇంకో ఆరు వారాల్లో ఉంది. "గా మనిషి నోట్ల చుక్క వడ్డదని తెలిస్తె నేను పందిట్ల కూసోను. నీదే జిమ్మ," అని అక్క చెప్పింది. ఆ పూచీ నాదేనని మాటిచ్చాను.

ఒమన్‌లో కొండ మీద డిస్టిలరీ ఎక్కడిదయ్యా అని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అదే అడిగాను. పెద్ద హోటళ్ళలో పోస్తారు, లైసెన్సు ఉన్నవాళ్ళకు దుకాణాలున్నాయి, ర్యాలీలో సగం మంది తెల్ల దొరలు, వాళ్ళ కోసం గుట్ట మీద ఏదో ఏర్పాటు ఉండి ఉంటుందిలే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. భయపడ్డ మనిషికి ఆ మాత్రం తెలివే పనిచేస్తుంది.

ఖబూరా: కాఫీలో ఏదో వాసన

గురువారం పొద్దున సముద్రం పక్కన బండ్లన్నీ వరసగా నిలబెట్టారు. మిగతావన్నీ అద్దంలో మొహం చూసుకునేలా మెరుస్తున్నాయి. మాది మట్టి రంగు. అది పెయింటో మట్టో అర్బాబ్‌కు కూడా గుర్తులేదట.

ఇందులో వేగంతో పనిలేదు. దారి పుస్తకం ఒకటి ఇస్తారు. ఎక్కడ తిరగాలో బాణం గుర్తులు, పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు, ఫలానా చోటికి ఫలానా నిమిషానికి చేరాలి అని ఒక అంకె. ఆలస్యమైతే మార్కులు పోతాయి, ముందు చేరినా పోతాయి. మా బావకు ఈ రెండోది ఎంత చెప్పినా అర్థం కాలేదు. "ముందుగాల పోతె మెచ్చుకోవాలె గని కోస్తరా? గిదేం పోటీర?" అని సోహార్ దారి పొడుగునా నన్నే తిట్టాడు, ఆ రూలు నేనే రాసినట్టు. మొదటి చోటికి పదకొండు నిమిషాలు ముందు చేరాం. రెండో చోటికి నలభై నిమిషాలు ఆలస్యం, ఎందుకంటే బావ మధ్యలో, పాలు బాగా మరిగించి పోసే కరక్ చాయ్ దుకాణం దగ్గర ఆపాడు. కప్పు వంద బైసాలు. చాయ్ వాలా బానెట్ కింద చూసి మెచ్చుకున్నాడు, దాంతో ఇంకో చాయ్. రెండు కప్పులూ నేను వాసన చూశాను.

ఖబూరా ఇంకా రాకముందే ముసల్ది పొగ చిమ్మి నిలబడిపోయింది. ఒక పక్క నిమ్మ తోటలు, ఖర్జూరం చెట్లు, ఇంకో పక్క ఆరేసిన చేపల వలలు. చూడ్డానికి చక్కగా ఉంది. నేను మాత్రం నీళ్ళ క్యాను మోస్తున్నాను. తోటలోంచి ఒక ఒమానీ పెద్దాయన వచ్చి చాప పరిచి, ఖర్జూరాలు పెట్టి, పిడికిట్లో పట్టే కప్పుల్లో కాఫీ పోశాడు. మా వెనకే ఆగిన ఒక దొర, తల మీద గడ్డి టోపీ ఉన్న బక్కపలచని ముసలాయన, మాతో పాటే కూర్చున్నాడు. ఈ దేశంలో కప్పును అటూ ఇటూ ఊపితేనే ఇక చాలని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి తెలియక టోపీ దొర ఏడు కప్పులు తాగాడు. మన దగ్గర చెయ్యి అడ్డం పెట్టినా పోసేవాళ్ళున్నారు, వీళ్ళే నయం.

బావ కప్పు నేను మామూలుగానే అందుకుని వాసన చూశాను. ఏలకులతో పాటు ఇంకేదో ఉంది. మెత్తటి, పూల వాసన. మందు మాత్రం కాదు. అది కాదని తేలాక అదేమిటో నాకు అక్కర్లేకపోయింది.

"డిస్టిలరీలో ఏముంటుంది?" అని దొరను ఇంగ్లీషులో మెల్లగా అడిగాను.

"కాచేది దగ్గరుండి చూపిస్తారు. రుచి చూడమని కొంచెం పోస్తారు. వచ్చేటప్పుడు చిన్న సీసా చేతిలో పెడతారు," అన్నాడు దొర కళ్ళు మెరిపిస్తూ. నా నెత్తిన బండ పడింది.

మధ్యాహ్నం భోజనం బావ ఎప్పుడో కారు వైరింగు బాగుచేసిపెట్టిన నర్సు కరుణమ్మ గారింట్లో. ఆవిడది నర్సాపురం దగ్గర పల్లె, పదిహేనేళ్ళుగా ఇక్కడ హాస్పిటల్లో డ్యూటీ. వంజరం చేప ముక్కలు చింతపండు పులుసులో ఉడికించి పెట్టింది. ప్రార్థన చేసి గానీ కంచం ముట్టనివ్వలేదు. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నా బాధంతా ఆవిడ ముందు వెళ్ళబోసుకున్నాను.

"ఇదంతా ఎందుకండీ మాస్టారూ? గంగారాం గారినే అడిగెయ్యొచ్చు గదండీ," అందావిడ.

"అడిగితే నిజం చెబుతాడా?"

"మీరు అడిగారా ఎప్పుడన్నా?"

పులుసు చాలా బాగుందమ్మా అన్నాను.

హవాసినా: ఫోన్లో విన్న మాటలు

శుక్రవారం సముద్రం వదిలి హవాసినా లోయ మీదుగా కొండలు దాటాం. ఈ కొండల మీద చెట్టూ చేమా ఉండదు. రాళ్ళు మాత్రం ఒకచోట ఎర్రగా, ఒకచోట నల్లగా, ఒకచోట పచ్చగా ఉంటాయి. లోయలో ఎక్కడో చారెడు నీళ్ళుంటే అక్కడ పది ఖర్జూరం చెట్లు, నాలుగు ఇళ్ళు, ఆరు మేకలు. చారెడు నీళ్ళను ఇంత పొదుపుగా వాడుకునేవాళ్ళను నేనెక్కడా చూడలేదు. మా ఊళ్ళో మోటరు వేసి మరిచిపోయి సినిమాకు పోతారు.

ఒక ఎత్తు దగ్గర ముసల్ది మళ్ళీ మొరాయించింది. బావ బానెట్ ఎత్తి, చల్లారేదాకా ఫోన్ తీసి ఎవరితోనో హిందీలో మాట్లాడసాగాడు. నేను దారి పుస్తకం చూస్తున్నట్టు నటిస్తూ విన్నాను.

"పొగ వాసన వచ్చేదే కావాలె భాయ్. అదే అసలుది... మొదటి కాపుది... కుండల్లో తేరింది ఉందా? రంగు కొంచెం గోధుమ రంగులో ఉంటుందట గద... లేదు లేదు, నా కళ్ళ ముందే కాచాలి. దుకాణాల్లో సీసా నేను నమ్మను."

నేను తెలుగులో రాశాను గానీ ఇదంతా హిందీలోనే. పొగ వాసన, గోధుమ రంగు, మొదటి కాపు, కుండల్లో ఊరేది. మీరే చెప్పండి, నా చోట మీరుంటే ఏమనుకుంటారు? చివర్లో బావ గొంతు తగ్గించి, తనలో తాను అనుకున్నట్టు తెలుగులో అన్నాడు: "పన్నీర్ మంచిది దొరికితె సాలు."

ఇంకేముంది, మందులోకి నంజుకోవడానికి పన్నీరు ముక్కలు కూడా చూసుకుంటున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు ఆగిన మనిషి ఎంత పకడ్బందీగా ప్లాన్ వేసుకున్నాడో చూడండి.

నిజ్వా: శుక్రవారం కూర

నిజ్వా చేరేసరికి పశువుల సంత ఎప్పుడో ఎత్తేశారు. తాళ్ళు, పేడ మాత్రం మిగిలాయి. ఈ సంత కోసమే దేశదేశాల వాళ్ళు వస్తారట. కోట పక్క దుకాణంలో హల్వా రుచి చూపించి, అరకిలో రెండు రియాళ్ళన్నారు. గరిటెకు అంటుకుంటే ఊడిరాని హల్వా అది. దానిలోనూ అదే పూల వాసన. ఒమన్ అంతా ఏదో ఒకే వాసన పట్టుకుని తిరుగుతోందని విసుక్కున్నాను.

మా ఊరి మల్లేశం నిజ్వాలో ఒక కంపెనీలో సెంట్రింగ్ పని చేస్తాడు. వాళ్ళ రూమ్‌లో తొమ్మిది మంది, అందరూ నిజామాబాద్, జగిత్యాల దిక్కు వాళ్ళే. భోజనానికి అక్కడికే వెళ్ళాం.

"మంచి దినం వచ్చిండ్రు సారు. ఇయ్యాల మెస్‌ల పన్నీర్," అన్నాడు మల్లేశం.

ఇదీ సంగతి. ఈ దేశం వచ్చిన పదహారేళ్ళుగా నాకు పన్నీర్ అంటే ఇదే, హిందీవాళ్ళతో కలిసి వండుకునే శుక్రవారం కూర, టమాటా రసంలో తేలే తెల్లటి ముక్కలు. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని, అది నేను పుట్టక ముందు నుంచీ ఉందని నా బుర్రకు తట్టనే లేదు. వారం వారం పిల్లలకు అక్షరాలు దిద్దించే మాస్టారిని నేను!

బావ గ్లాసులో తెల్ల సోడా పోసుకున్నాడు. నేను చెయ్యి చాచి, చల్లగుందా బావా అంటూ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తొమ్మిది మంది ఒక్కసారి తినడం ఆపారు. బావ తల ఎత్తలేదు. కూరలోంచి ముక్క ఒకటి తీసి నా పళ్ళెంలో వేశాడు.

"తిను," అన్నాడు.

ఆ పూట అక్క ఫోన్ చేస్తే చూసిన అని చెప్పాను. రేపు ఏం చూడాల్సి వస్తుందోనని మాత్రం చెప్పలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను. దారి పుస్తకం నా చేతిలో ఉంది. మాకు డిస్టిలరీలు దొరకవు, అంతే.

తనూఫ్: బాణం గుర్తులు

శనివారం మేం వెళ్ళాల్సింది నిజ్వాకు తూర్పున, బిర్కత్ అల్ మౌజ్ దగ్గర కొండ ఎక్కే దారి. నేను పడమటికి తిప్పించాను. ముసల్ది ఎప్పటిలాగే ఆలస్యంగా లేచింది గనక వెనక వెళ్ళడానికి వేరే బండ్లు కూడా కనబడలేదు. ఎడమకు బావా, మళ్ళీ ఎడమకు, నేరుగా పో. తనూఫ్ దగ్గర పాత ఊరొకటి, మట్టి గోడలు కూలి, మొండి కిటికీలతో నిలబడి ఉంది. ఎంతో బాగుంది, దిగి చూద్దాం బావా అన్నాను. జీవితంలో కూలిన గోడల్ని అంత శ్రద్ధగా చూడలేదు. ప్రతి గోడ దగ్గరా ఆగాను. గంట గడిచింది.

అక్కణ్ణుంచి ఇంకా ముందుకు, హమ్రా దిక్కు తీసుకెళ్ళాను. బావ గడియారం చూస్తున్నాడు, నేను పుస్తకం తిప్పుతున్నాను. ఇంకో గంట. ఒక పెట్రోల్ బంకు పక్కన చాయ్ దుకాణం ముందు బావ బండి ఆపాడు. బండి ఆగిపోలేదు, ఆయనే ఆపాడు. చెయ్యి చాచి నా ఒళ్ళోంచి దారి పుస్తకం తీసుకున్నాడు.

"అది ఇంగ్లీషుల ఉన్నది బావా," అన్నాను.

బావ పేజీలు వెనక్కి తిప్పి, నిజ్వా దగ్గర నుంచి ఒక్కొక్క బొమ్మ మీద గ్రీజు వేలు పెట్టుకుంటూ వచ్చాడు. "బాణం గుర్తుకు ఇంగ్లీషు ఎందుకుర? ఇరవై ఏండ్ల సంది వైరింగు బొమ్మలు జూసి బండ్లు ఇప్పుతున్న. ఈడ కుడికి ఉన్నది. నువ్వు ఎడమకన్నవు. ఈడ గూడ కుడే. గిది తప్పు పోవుడు కాదు. కావాలని తప్పు జెప్పినవు. ఎందుకు?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. మూడు రోజుల చిరాకంతా ఒక్కసారి బయటపడింది.

"ఎందుకా? నువ్వు ఆడికి తాగుడుకు పోతున్నవని! డిస్టిలరీ అని కాగితం మీద నేను సదువలేదా? పొగ వాసనది, కుండల్లోది, పన్నీర్ ముక్కలతోని సహా మాట్లాడుకున్నవ్, నేను ఇనలేదనుకున్నవా? ఆరు వారాలల్ల పెండ్లి పెట్టుకొని! అక్కకు నేనేం చెప్పాలె?"

చాయ్ వాలా గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బావ కోప్పడతాడనుకున్నాను, కోప్పడి ఉంటే బాగుండేది. పుస్తకం డాష్‌బోర్డు మీద పెట్టుకుని, బండి వెనక్కి తిప్పి, బాణాలు చూసుకుంటూ తనే నడిపాడు.

పచ్చ కొండ: ఆరిపోయిన పొయ్యి

కొండ మొదట్లో పోలీసు చౌకీ ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండ్లను తప్ప పైకి వదలరు. మెరిసే కార్లన్నీ అక్కడే చెట్ల కింద ఆపేసి, దొరలు అద్దె బండ్లలో వెళ్ళిపోయారట. పోలీసు మా ముసల్దాని చుట్టూ తిరిగి, కాగితాలు చూసి, నవ్వి వదిలాడు. ఆ ముసల్ది కూడా ఏం చేసిందో తెలుసా? మూడు రోజులు మామూలు రోడ్ల మీద నా ప్రాణం తీసి, ఆ నిట్టనిలువు దారిని ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కేసింది. అది కూడా నన్ను వెక్కిరించడానికే అనిపించింది.

పైన గాలి చల్లగా ఉంది. కొండ అంచున మెట్లు మెట్లుగా చిన్న మడులు, వాటిలో దానిమ్మలు, వాటి కింద మోకాలెత్తు పొదలు. పొదల నిండా ముళ్ళు, అక్కడక్కడా గులాబి రంగు పువ్వులు. పొద్దున్నే కోసేశారు కాబట్టి కొన్నే మిగిలాయి. దారి పుస్తకంలో మొదటి డిస్టిలరీ ఒక రాతి ఇల్లు. తాళం వేసి ఉంది. రెండోది కూడా అంతే. మూడోదాని తలుపు తీసి ఉంది. గోడ పక్కన మట్టి పొయ్యిలు నాలుగు, మసి పట్టిన గోడలు, రాగి గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. మూలన గుట్టగా ఉడికి వాడిన పూల రేకులు.

పూల రేకులు. అప్పటికి కూడా నాకు వెలగలేదు.

బంగ్లాదేశ్ వర్కర్ ఒకతను బయటికొచ్చాడు. ఫోన్లో మాట్లాడింది ఇతనితోనే గానీ, ఎదుట నిలబడ్డ మనిషి ఆయనేనని అతనికి తెలియదు. బావ ఆత్రంగా ముందుకెళ్ళి, హిందీలో మొదలుపెట్టి, అసలు మాట దగ్గర నోటికి అలవాటైన తెలుగు మాటే వాడాడు. "పన్నీర్, పన్నీర్ చాహియే భాయ్."

"పనీర్? అది కింద నిజ్వాలో సూపర్ మార్కెట్లో దొరుకుతుంది భాయ్, ఇక్కడెక్కడ?" అన్నాడతను హిందీలో.

"అరె, గది కాదు! పన్నీరు! గులాబ్ కా పానీ! పెండ్లిల చల్లేటిది!"

పెండ్లిలో చల్లేది. పన్నీరు. గులాబీ నీళ్ళు. మూడు రోజులుగా కాఫీలో, హల్వాలో నా ముక్కుకు తగులుతూ వచ్చింది అదే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటి యజమాని హమద్, తెల్ల గడ్డం ఆయన, లోపల్నుంచి వచ్చాడు. పొయ్యి మధ్యాహ్నమే ఆర్పేశామని చెప్పించాడు. పువ్వులు పొద్దున కోసినవి పొద్దునే కాచాలి, దాచితే వాసన పోతుంది. మళ్ళీ రేపే. రేపు మాకిద్దరికీ డ్యూటీ. బావ ఆరిన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బూడిద మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉందన్నాడు. లోపల గిన్నె ఎలా వేలాడదీస్తారో, పైన చల్లనీళ్ళ పళ్ళెం ఎలా పెడతారో వర్కర్ చూపించాడు.

"మన దిక్కు సారా బట్టి లెక్కనే ఉన్నది," అన్నాడు బావ నెమ్మదిగా. "గదే పొయ్యి, గదే కాచుడు. లోపల ఏస్తె ఏం వస్తదన్నదే తేడా."

నేను తప్పుదారి పట్టించిన ఆ రెండు గంటలు లేకపోతే ఈ పొయ్యి మండుతూ ఉండేది. క్షమించమని అడగడానికి బదులు నేనూ ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాను. ర్యాలీలో చివరి స్థానం మాదేనని తరవాత తెలిసింది. దానికి నాకేమీ అనిపించలేదు.

సీసా అయిదు రియాళ్ళు. ముందటి వారాల్లో కాచి కుండల్లో తేర్చింది, పల్చటి గోధుమ రంగులో ఉంది. బావ రెండు తీసుకుని అంగీ చుట్టి సంచిలో పెట్టాడు. మేం లేస్తుంటే హమద్ సన్నటి మెడ ఉన్న వెండి బుడ్డి తెచ్చాడు. మన దగ్గర వచ్చేవాళ్ళ మీద చల్లుతాం, వీళ్ళు వెళ్ళేవాళ్ళ మీద చల్లి పంపుతారు. పెళ్ళి సంగతి వర్కర్ చెప్పినట్టున్నాడు. హమద్ నవ్వుతూ బుడ్డిని బావ చేతికిచ్చాడు, నువ్వే చల్లు అన్నట్టు.

బావ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అచ్చం మా ఇంటి బుడ్డిలాగే ఉంది. చల్లకుండా, దాని మెడ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన సూడు బామ్మర్ది."

"ఎందుకు బావా?"

"రెండేండ్ల సంది నా ప్రతి గ్లాసు సూస్తనే ఉన్నవు గద. నాకు తెల్వదనుకున్నవా? గిదొక్కటి ఎందుకు ఇడువాలె?" ఆయన గొంతులో కోపం లేదు. "కండ్ల ముందట కాపిచ్చుకపోయి, ఈసారి బుడ్డి నేనే పట్టుకొని గుమ్మం కాడ నిలవడ్త అని మీ అక్కకు చెప్దామనుకున్న. పొయ్యి ఆరిపాయె. ఇగ ఇంటికాడ నా మాట ఎవ్వలు నమ్ముతరు? నీ మాటనే నమ్ముతరు. సూసి చెప్పు."

నా ముక్కు ముందు రెండేళ్ళ గ్లాసులన్నీ వరసగా నిలబడ్డట్టయింది. ఆ తొమ్మిది మంది ముందు చూసిన గ్లాసుతో సహా. నేను వాసన చూడలేదు. తల వంచాను.

"చల్లు బావా."

చల్లటి చుక్కలు నెత్తి మీద, మెడ మీద పడ్డాయి.

కొండ సగం దిగాక నా ఫోన్ మోగింది. అక్క. రోజూ అడిగేదే అడిగింది.

"సూసినవా తమ్మీ?"

"సూడలే అక్కా. ఇయ్యాల్టి సంది సూడ. నీకు కావాలంటె ఆయన్నే అడుగు," అని ఫోన్ బావ ముందు పెట్టాను.

బావ బండి పక్కకు తీసి ఆపాడు. మూడు రోజుల్లో నడిదారిలో ముసల్ది ఆగి కూడా బానెట్ మూసి ఉన్నది ఆ ఒక్కసారే. ఫోటో తీయాలని నాకు తట్టలేదు. బావ చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"ఆఁ, నేనే," అన్నాడు. అవతల అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. బావ సీసాలున్న సంచి వైపు చూశాడు. "పన్నీరు దొరికింది."